ఒకే గిన్నె, రెండు వరసలు

సందు మొదట్లో బండి ఆగిన చప్పుడైతే చాలు, అసిరమ్మ మెడ దానంతటదే గుమ్మం వైపు తిరుగుతోంది. ఆటో. అందులోంచి దిగింది ఎదురింటివాళ్ళు. మళ్ళీ ముందుకు తిరిగి, కొంగు నెత్తిమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంటుంది, పెదవులు కదుపుతుంది, చూసినవాళ్ళు ప్రార్థన అనుకోవాలి, కాని లోపల ప్రార్థన లేదు, ఒకటే మాట వల తాడులా వెనక్కీ ముందుకీ లాగుతోంది, వస్తుందా, రాదా. రాకేం, బస్సు మాట్లాడుకున్నారట, ఇవాళ రెండువైపులవాళ్ళకీ ఒకటే ఆరాధన, స్టీలుప్లాంటు వాళ్ళందరూ కలిసి వస్తారని పాస్టరు నవీన్ అయ్యగారు పోయిన ఆదివారం చెప్పనే చెప్పారు. బస్సు వస్తుంది, నిజమే, అందులో సూర్యకాంతమ్మ ఉంటుందా అన్నదే కదా సంగతి. రేపు పొద్దున్న ఆవిడ ఇంటి సామాను లారీకెక్కుతుంది. కూతురు శ్రీసత్య దగ్గరికి, బందరుకి, మొగుడూ పెళ్ళాలు ఇక అక్కడే ఉండిపోతారు. సామాను సర్దుకునే మనిషి కూర్మన్నపాలెం నుంచి మల్కాపురం దాకా పనిగట్టుకుని వస్తుందా. వస్తే, సంఘం రెండుగా చీలిన మూడేళ్ళకి, ఇద్దరూ మళ్ళీ ఒక గిన్నెలోంచి ప్రభువు బల్ల ద్రాక్షరసం తీసుకుంటారు. రాకపోతే ఇక లేదు. తనకి డెబ్బై దాటాయి, ఆవిడ తనకంటే పెద్దది. బందరు ఎక్కడ, తనుండే యారాడ ఎక్కడ.

మందిరంలో ఇంకా ఎవరూ లేరు. తాళం తీసింది తనే, చాపలు పరిచింది తనే, మోకాళ్ళు వంగని వాళ్ళ కోసం వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేసింది తనే. ఖాళీ మందిరం చూడటం అసిరమ్మకి కష్టం. ఏ చాప చూసినా దాని మీద కూర్చునే మనిషి కనబడతాడు, మనిషి కనబడగానే ఆ మనిషి లేడని గుర్తొస్తుంది. గుమ్మం బయట చెప్పులు విడిచే చోటు చూస్తే మరీను. ఒకప్పుడు అక్కడ యారాడ వాళ్ళ రబ్బరు చెప్పులు, సబ్బవరం రైతుల బురద చెప్పులు, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేసిన ప్లాంటు వాళ్ళ ఇనుపముక్కు బూట్లు కలగలిసి గుట్టగా పడుండేవి, ఆరాధన అయ్యాక ఎవరి జత ఎక్కడుందో వెతుక్కోవడం అదొక తిరనాళ్ళు, ఒకరి చెప్పు ఒకరు తొడుక్కుని సింధియా దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడాలూ. ఇప్పుడు గుట్ట పడదు, ఎవరి జత వాళ్ళకి దొరికిపోతుంది. చెప్పులు దొరకడం కూడా ఇంత బాధగా ఉంటుందని ఎవరికి చెబితే నమ్ముతారు. గాలి మళ్ళినట్టుంది, రిఫైనరీ వాసన వస్తోంది, తన ముక్కు ఆ వాసన మర్చిపోయి చాలా ఏళ్ళయింది, ఇవాళ ఎందుకో తెలుస్తోంది, బయటి మనిషి వస్తున్నప్పుడు ఇంటి ఇల్లాలికి ఇల్లు కొత్తగా కనబడినట్టు.

బయటి మనిషా సూర్యకాంతమ్మ. ఇద్దరికీ బాప్తిస్మం ఒకే రోజు. యారాడ ఒడ్డున, తెల్లచీరల్లో, పక్కపక్కన నిలబడి. ఈ సంఘం పెట్టిన సన్యాసిరాజు అయ్యగారు అప్పటికి షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేసేవారు, పాస్టరుకి ఆ పేరేమిటని ప్లాంటువాళ్ళు నవ్వితే, "మా యమ్మ ఎట్టిన పేరది, దేవుడికి నాను ఆ పేరుతోనే తెలుసు, ఇప్పుడు మార్సుకుంటే నన్ను ఎతుక్కోలేడు" అనేవారు, అందుకే అసిరమ్మ పేరు కూడా, అది గ్రామదేవత పేరైనా, మార్చనివ్వలేదు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన సూర్యకాంతమ్మ అంతకు ముందు సముద్రంలో కాలు పెట్టిన మనిషి కాదు, కాళ్ళకింద ఇసుక జారుతుంటే గట్టిగా తన మోచెయ్యి పట్టుకుంది, ఎవరు, ఏ కులం, ఏ ఊరు, ఏమీ అడగలేదు, నీళ్ళలో ఎవరు అడుగుతారు. ఇంతలో పెద్ద కెరటం వచ్చి ముంచవలసిన అయ్యగారినే ముంచేసింది. అసిరమ్మ నడుం పట్టి లేపితే ఆయన ఉప్పునీళ్ళు ఉమ్ముతూ, "నిన్ను ముంచడానికి నాను వొత్తే నువ్వు నన్ను తేలుత్తన్నావేటే" అన్నారు. సూర్యకాంతమ్మ నవ్వుతూనే మునిగింది, నవ్వుతూనే లేచింది. అంత నవ్వుతూ బాప్తిస్మం తీసుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

అప్పట్లో అసిరమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ చేపలమ్మేది. దాహమేస్తే పెరటి గుమ్మం దగ్గర వంగి దోసిలి పట్టాలి, పైనుంచి చెంబుతో పోస్తారు, గ్లాసు చేతికివ్వరు, తనూ అడగదు. అది అవమానమని కూడా తెలియదు, ఎండ ఉన్నట్టు, ఉప్పు ఉన్నట్టు అదీ ఉండేది. బాప్తిస్మం అయిన మొదటి ఆదివారం బల్ల దగ్గర మోకాళ్ళేసుకున్నారు ఇద్దరూ, అయ్యగారు గిన్నె తెచ్చి ముందు తన పెదవులకి ఆనించారు, కాడ ఉన్న ఆ పొడుగాటి గిన్నె, అదే ఇప్పుడు తెల్లగుడ్డ కింద బల్ల మీద ఉంది. తియ్యగా, కాస్త వగరుగా గొంతులోకి దిగింది. దిగుతుండగానే తెలిసింది, పక్కన ఉన్నది ఆ ఇళ్ళ మనిషి. చెయ్యి ఆలోచించలేదు. కొంగు పట్టుకుని గిన్నె అంచు తుడవబోయింది, తన మూతి ఆనిన చోట. సూర్యకాంతమ్మ తన మణికట్టు పట్టుకుంది. "ఉండనీ" అంది అంతే. గిన్నె తిప్పలేదు, జరపలేదు, ఆ తడి మీదే పెదవులు పెట్టి తాగింది. ఆ రోజు పాస్టరుగారు ఏం వాక్యం చెప్పారో అసిరమ్మకి జ్ఞాపకం లేదు. దేవుడున్నాడని తనకి ఎలా తెలుసంటే అలా తెలుసు. అప్పటికి చదువు రాదు, చదువు తరవాత వచ్చింది, ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చిన పాటలే పాటల పుస్తకంలో ఉన్నాయని తెలిసి, పాడుతూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పోయింది, నోట్లో ఉన్న మాటా వేలికింద ఉన్న మాటా ఒకటే అయిన రోజు గంప దించి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. తరవాత కనబడిన కాగితమల్లా చదివింది. ఎంత చదివినా ఆ "ఉండనీ" కంటే పెద్ద మాట దొరకలేదు.

మళ్ళీ బండి. కాదు, పాల వ్యాను. ఎదురుచూడటం తనకి చేతకాదు, చేతకాని పనే బతుకంతా చేసింది. మొగుడు వేటకెళ్ళిన పొద్దు తను నిద్రలో ఉంది, లేపలేదు, లేపితే ఏం పోయేది, పడవ వచ్చింది, మనిషి రాలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా ఊరెళుతున్నారంటే ముందు రాత్రి కళ్ళు మూతపడవు. కొడుకు గవర్రాజు ఏటా వెరావల్ వెళతాడు, గుజరాత్ బోట్ల మీద పనికి, ఒడ్డున ఉన్న మగపిల్లలు సగం మంది అలాగే పోతారు. ఏటా స్టేషనుకి వెళ్ళి రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడుతుంది, "అమ్మా, ఒగ్గెయ్, సెయ్యి ఇరుగుద్ది" అని వాడు వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతాడు. ఆ ఏడు కూడా అలా విప్పించుకుని తిరిగి వచ్చేసరికి ఇక్కడ సంఘం రెండు ముక్కలయింది. అదే ఆదివారం. రైలు దగ్గర తనుంటే, ఇక్కడ సూర్యకాంతమ్మ వెళ్ళిపోయింది. ఒకే మధ్యాహ్నం ఇద్దరిని ఎలా సాగనంపుతుంది మనిషి.

తను చూడలేదు, వాళ్ళూ వీళ్ళూ చెప్పిందే. కరోనాలో గిన్నె తీసేసి మందు సీసా మూతంత ప్లాస్టిక్ కప్పులు పెట్టారు. జబ్బు పోయాక గిన్నె మళ్ళీ తెమ్మని యారాడ వాళ్ళు అడిగారు. సూర్యకాంతమ్మ లేచి, చిన్న కప్పులే ఉండనివ్వండి, నాకు భయంగా ఉంది అంది. ఆవిడ తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు, మూటకట్టి తీసుకెళ్ళిపోయారు, ముఖం కూడా చూపించలేదు. ఆ తరవాత ఆవిడ సొంత మొగుడు తాగిన గ్లాసు కూడా మరిగే నీళ్ళలో వేసేది. ఆ సంగతి అందరికీ తెలుసు, తెలిసినా వరహాలు ఊరుకోలేదు, తన మరిది, నోరు జారడంలో వాడి తరవాతే ఎవరైనా. "కరోనా ఎల్లిపోనాది గానండమ్మగోరూ, మా ఎంగిలి మీకిప్పుడు గురుతొచ్చిందేటి" అన్నాడట. ఆవిడ చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయిందట. వెనకాలే ప్లాంటువాళ్ళు లేచారు, లేచినవాళ్ళని చూసి ఇక్కడివాళ్ళు, పొండి అన్నారు, కూర్మన్నపాలెంలో ఎవరి మేడ మీదో వాళ్ళ ఆరాధన మొదలైంది. ఫోన్లో ఇద్దరూ బాగానే మాట్లాడుకునేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు, చేపల ధరలు, శ్రీసత్య కూతురి కానుపు. ఆ ఒక్క సంగతి చుట్టూ తిరిగి తిరిగి దాన్ని ముట్టుకోకుండా పెట్టేసేవాళ్ళు. పెట్టేశాక చెవి దగ్గర ఫోను కాసేపు అలాగే ఉంచుకునేది అసిరమ్మ.

"మామ్మా, అప్పుడే వచ్చేశావా" అంటూ నవీన్ అయ్యగారు లోపలికొచ్చారు. పద్మనాభం అనే ఊరి కుర్రాడు, పొలం గట్ల మీద పెరిగినవాడు, ఈ తగువు ఆయన పుట్టించింది కాదు, ఆయన నెత్తిన పడింది. వెనకే వరహాలు గొంతు సవరించుకుంటూ, ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు.

"రెండు వరసలు పెడతన్నానమ్మా. కుడి పక్కన గిన్నె, ఎడం పక్కన చిన్న కప్పులు. ఎవరికి ఏది ఇష్టమో అటెళ్తారు. గొడవుండదు" అన్నారు అయ్యగారు.

"గొడవుండదు, సంగమూ ఉండదు" అన్నాడు వరహాలు. "ఇంట్లో ఇద్దరు పెళ్ళాలున్నట్టు రెండు వంటలేటండి అయ్యగోరూ."

"నువ్వు నోరు ముయ్యరా. నీ వంట తినే కదా ఇంతమంది ఎల్లిపోనారు" అంది అసిరమ్మ.

"నానేటన్నాను వొదినా, ఒక్క మాట."

"ఆ ఒక్క మాటకి మూడేళ్ళు."

వరహాలు తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అక్కడ చెమట లేదు. అయ్యగారు ఎడంపక్క బల్ల మీద కప్పుల పళ్ళెం సర్దుకుంటున్నారు. రెండు వరసలు. ఒకే పైకప్పు కింద రెండు వరసలయితే, ఆవిడ అటు, తను ఇటు, బస్సు వచ్చినా రానట్టే.

వచ్చింది. సందులోకి పట్టక రోడ్డు మీదే ఆగింది. జనం దిగారు, తెలిసిన ముఖాలే, కొంచెం నెరిసి, కొంచెం లావెక్కి, గుమ్మం దగ్గర ముందు కాస్త సిగ్గుపడి, తరవాత వందనాలు, వందనాలండి, ఏరా బావా జుట్టేదిరా అని గోలగా. సూర్యకాంతమ్మ భర్త సీతారామాంజనేయులుగారు కర్ర పట్టుకుని వచ్చారు. ఆయన వెనక ఎవరూ లేరు. అసిరమ్మ మెడ చాచి రోడ్డు వైపు చూసింది. అప్పుడు ఆయన పక్కకి జరిగితే కనబడింది, చిన్నదైపోయింది, కెరటానికి తట్టుకోలేక తన చెయ్యి పట్టుకున్న మనిషి అలా ఎండుచేపలా అయిపోయింది, ముఖానికి మాస్కు. మాస్కు పైన కళ్ళు అవే.

"అసిరీ" అంది. ఆ పిలుపు పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"సామాన్లు సర్దీసారా అక్కా" అంది అసిరమ్మ, ఎంతో అడగాలనుకుని.

"ఎక్కడ, ఆయన తన రేడియో ఒక్కటి సర్దుకుని అయిపోయింది అంటారు" అని ఇంకేదో చెప్పబోతుంటే పాట ఎత్తుకున్నారు. ఎవరో కుర్చీ లాగి ఆవిడని వెనక కూర్చోబెట్టారు. అసిరమ్మది ముందు చాప. మధ్యలో తలలే తలలు.

పాటలు, ప్రార్థన, వాక్యం, చెవుల పక్కనుంచి పోతున్నాయి. మాస్కు. భయం ఇంకా పోలేదు పాపం. ఆ భయం పెట్టుకుని వచ్చింది, సామాను వదిలేసి, బస్సులో ఇంతమంది మధ్య. అలాంటి మనిషిని గిన్నె దగ్గరికి రమ్మని ఎలా కోరుకుంది తను, కోరుకోవడం కాదు, మూడేళ్ళుగా అదే దేవుణ్ణి అడుగుతోంది, అక్కని మళ్ళీ నా పక్కన గిన్నె తాగించు ప్రభువా అని, అడిగినప్పుడల్లా వరహాలు అడిగినట్టే అడిగిందా ఏమిటి. నా మూతి తగిలితేనే నువ్వు నా మనిషివి అని. ఒడ్డున ఆవిడ ఇసుక జారి భయపడితే, భయపడకు, రా, లోపలికి రా అని లాగిందా తను? లేదు, పట్టుకుని నిలబడింది. ఆవిడ ఎక్కడ నిలబడగలదో అక్కడ తనూ నిలబడాలి. గిన్నె ఎక్కడికీ పోదు. ఆవిడ పోతుంది. చిన్న కప్పయితే చిన్న కప్పే, పక్కన నిలబడి, ఆవిడ ఎత్తినప్పుడే తనూ ఎత్తి తాగితే చాలు. ఇంత చిన్న సంగతి ఇంతసేపు ఎందుకు తెలియలేదో. అయ్యగారు రొట్టె విరిచారు. వరసల్లోకి రమ్మన్నారు. జనం కదిలారు, యారాడ వాళ్ళు కుడికి, ప్లాంటు వాళ్ళు ఎడమకి, అనుకున్నట్టే, నీళ్ళు రెండు పాయలయినట్టు.

అసిరమ్మ ఎడమ వరసలో నిలబడింది. వెనకనుంచి వరహాలు, "వొదినా, అటుకాదు" అన్నాడు, విననట్టు ముందుకి జరిగింది. ముందువాళ్ళ భుజాల మీదుగా చూసింది, వెనకవాళ్ళని చూసింది, వస్తుంది, కుర్చీలోంచి లేవడానికి ఆలస్యమవుతుంది కదా. వరస జరుగుతోంది. ప్లాంటువాళ్ళు తనని చూసి చోటిస్తున్నారు, రామ్మా అంటున్నారు, ఎవరో చెయ్యి పట్టుకున్నారు, కృష్ణా జిల్లా చెయ్యో గోదావరి చెయ్యో. రొట్టె ముక్క నోట్లో వేసుకుంది. కప్పు చేతికొచ్చింది, గోరంత, తేలిగ్గా, పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు. ఇంకా వెనక్కే చూస్తోంది. ఎవరో మెల్లిగా, తీసుకోమ్మా, వెనకాల ఆగిపోయారు అన్నారు. తాగింది.

తాగి తల ఎత్తితే కుడి వరస కనబడింది. ఆ వరస చివర్లో, మాస్కు గడ్డం కిందికి లాగేసుకుని, సూర్యకాంతమ్మ.

ఆవిడ ముందు వరహాలు ఉన్నాడు. వెనక ఎవరున్నారో అప్పుడే చూసుకున్నట్టున్నాడు, తువ్వాలు చేత్తో నలిపేస్తున్నాడు, పక్కకి తప్పుకున్నాడు. "మీరు ముందెల్లండమ్మగోరూ. నా ఎనకాల మీకెందుకు."

"నీ తరవాతే వెళ్తాను వరహాలూ. నడు, కాళ్ళు పీకుతున్నాయి."

వాడు వెళ్ళాడు. తాగాడు. తల ఎత్తకుండా చాప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు, గోడవైపు తిరిగి. సూర్యకాంతమ్మ గిన్నె అందుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, చేదుమందు తాగే చిన్నపిల్లలాగ, తాగింది. తాగాక అటూ ఇటూ వెతికింది, కుడి వరసంతా వెతికింది. వెతికి వెతికి ఎడంపక్కన కనుక్కుంది. అసిరమ్మ చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కప్పు చూసింది. ఇద్దరి మధ్యా మందిరమంత వెడల్పు. ఒకసారి తీసుకున్నాక మళ్ళీ తీసుకోకూడదు. మళ్ళీ బల్ల వచ్చే నెల.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల గుట్ట దగ్గర గోల, అది నాది, అది మా ఆయనది, ఒక్కటే ఉందేమిటి, నవ్వులు. వరహాలు ఎవరి బూట్లో తుడిచి అందిస్తున్నాడు. అసిరమ్మకి అటు పోబుద్ధి కాలేదు. పెరట్లో కొళాయి దగ్గర నిలబడింది. కర్ర చప్పుడు కాదు, చెప్పుల ఈడ్పు. సూర్యకాంతమ్మ.

"అటెందుకెళ్ళావే నువ్వు, బుద్ధిలేకపోతే సరి."

"మీరు అటుంటారనీసి. మరి మీరిటెందుకొచ్చారు, బయం కదా మీకు."

"భయమే. రేపట్నుంచి నువ్వుండవు, ఆ భయం ముందు ఇదెంత అనుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చివరికి నాకు దొరికింది మీ వరహాలు మూతి."

అసిరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా గోడ అవతలి క్రేన్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

నవీన్ అయ్యగారు గిన్నె పట్టుకుని వచ్చారు. అడుగున కాస్త మిగిలింది. మిగిలింది పారబొయ్యరు, పాస్టరే తాగాలి, ఈ సంఘంలో మొదటినుంచీ అంతే. ఆయన గిన్నె ఎత్తబోయి ఆగారు, ఇద్దరినీ చూశారు.

"అయ్యగారూ, అది ఇలా ఇవ్వండి" అంది సూర్యకాంతమ్మ.

ఆయన ఇచ్చి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయారు. సూర్యకాంతమ్మ గుక్కెడు తాగి అందించింది. అసిరమ్మ రెండు చేతులతో పుచ్చుకుంది. అంచు మీద తడి ఎక్కడుందో చూసుకుని అక్కడే పెదవులు పెట్టింది. గుక్క కూడా కాదు, నాలుక తడిసేంత. ఎండకి వెచ్చబడి ఉంది.

"కాంతం, బస్సువాడు తిడుతున్నాడు" అని ముందువైపు నుంచి సీతారామాంజనేయులుగారి గొంతు.

సూర్యకాంతమ్మ అరచెయ్యి అసిరమ్మ చెంప మీద ఒకసారి ఆనించింది. మాస్కు పైకి లాక్కోలేదు. వెళ్ళింది. చెప్పుల ఈడ్పు గోడ మలుపు దాకా వినబడింది, తరవాత జనం చప్పుడులో కలిసిపోయింది. రోడ్డు మీద హారన్ మోగింది, ఇంకోసారి మోగింది, బస్సు కదిలింది. అసిరమ్మ గుమ్మంలోకి పరిగెత్తలేదు, కిటికీ ఊచల కోసం చెయ్యి చాపలేదు. గిన్నె కడిగి లోపల పెట్టి తాళం వెయ్యాలి, యారాడ ఆటో దొరకదు మళ్ళీ. గిన్నెని కొళాయి కింద పట్టుకుంది. రెండో చెయ్యి కొళాయి పిడి మీద వేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది, ముందువైపు చప్పుళ్ళన్నీ అణిగిపోయాయి, అసిరమ్మ ఇంకా అలాగే నిలబడి ఉంది, కొళాయి తిప్పకుండా.